కాలనీ అంగడిలో కొత్తగా బండి పెట్టాలంటే

హైదరాబాద్‌లో చాలా కాలనీల్లో వారానికి ఒక సాయంత్రం అంగడి కూడుతుంది. మంగళవారం ఒక చోట, బుధవారం పక్క కాలనీలో, అలా. కూరగాయలు, స్టీలు గిన్నెలు, పాత బట్టలు, ప్లాస్టిక్ డబ్బాలు, బొమ్మలు, చెప్పులు, దుప్పట్లు, వాటి మధ్యలో అక్కడక్కడా పొయ్యి వెలిగించిన బండ్లు. పాత సామాన్లకు పేరుపడ్డ ఎర్రగడ్డ సండే మార్కెట్‌లోనో, జుమ్మేరాత్ బజార్‌లోనో కొత్తవాళ్లు కాలు పెట్టాలంటే కష్టమే. కాలనీ అంగడిలో అంత ఇబ్బంది లేదు. అందుకే అక్కడ కొత్త మొహాలు తరచూ కనిపిస్తాయి, నెల తిరక్కుండానే మాయమవుతాయి కూడా. వాళ్లకి వంట రాక కాదు. అంగడి నడిచే తీరు చూడకుండా పొయ్యి వెలిగించడమే వాళ్లు చేసే పొరపాటు.

ఇది ముఖ్యంగా తినుబండారాల బండి పెట్టాలనుకునేవాళ్ల కోసం. పాత సామాను అమ్మేవాళ్లకి కూడా మధ్యలో కొంత ఉంది.

ముందు కొనేవాళ్లలా వెళ్లండి

మీరు పెట్టదలుచుకున్న అంగడికి కొన్ని వారాలు సంచి పట్టుకుని వెళ్లండి. ఒకసారి నెల మొదటి వారంలో, ఇంకోసారి ఇరవయ్యో తారీఖు దాటాక. జీతాలు పడ్డ వారం జనాన్ని చూసి సరుకు తెచ్చుకుంటే నెలాఖరుకి గిన్నెడు పిండి మిగిలిపోతుంది.

తినే బండ్ల దగ్గర ఎవరు ఆగుతున్నారో చూడండి. పిల్లల్ని వెంటేసుకొచ్చిన ఆడవాళ్లా, డ్యూటీ దిగి వచ్చే కుర్రాళ్లా, హాస్టల్ పిల్లలా? రెండు చేతుల్లో కూరగాయల సంచులున్న ఆమె ప్లేటు పట్టుకుని తినలేదు, ఆమెకి పొట్లం కట్టివ్వాలి. హాస్టల్ పిల్లలకి నిలబడి తినే చోటు, గ్లాసుడు నీళ్లు కావాలి. వండేది ఒకటే అయినా ఈ రెండు రకాల గిరాకీకి బండి సర్దుకునే పద్ధతి వేరు.

అంగడి ఏ రోజన్నది కూడా చూసుకోవాలి. మంగళవారం, శనివారం గుడ్డు కూడా ముట్టని ఇళ్లు చాలా ఉంటాయి. మంగళవారం అంగడిలో ఎగ్ బోండా బండి పెట్టి, శ్రావణ మాసం వచ్చాక బేరాల్లేవని బాధపడితే లాభం లేదు. కార్తీకంలో కూడా అంతే. ముస్లిం కుటుంబాలు ఎక్కువున్న చోట రంజాన్ నెలలో పొద్దు గుంకకముందే మిర్చీలు, పకోడీలు పొట్లాలకి పొట్లాలు పోతాయి. ఆ నెల మీరు బండి ఓ గంట ముందే తెచ్చుకోవాలి.

చోటు అడిగి తీసుకోండి

అంగడిలో ఖాళీగా కనిపించే జాగా చాలాసార్లు ఖాళీ కాదు. అది ఎవరిదో. ఆ మనిషి ఊళ్లో పెళ్లికి వెళ్లి ఉంటాడు, వచ్చే వారం వస్తాడు. ఎక్కడా రాసి ఉండదు గానీ అక్కడ కూర్చునే ప్రతి ఒక్కరికీ తెలుసు. కాబట్టి పక్కనున్న ఇద్దరిని అడగండి. చాలా అంగళ్లలో పాతవాళ్లలో ఒకాయనో ఒకామెనో పెద్దగా ఉంటారు. పోలీసులు వచ్చినా, కాలనీవాళ్లు గొడవ పెట్టినా మాట్లాడేది వాళ్లే. "అన్నా, మేం పునుగుల బండి పెడదామనుకుంటున్నం, ఏ మూలకి పెట్టుకోమంటవ్?" అని నేరుగా వాళ్లనే అడగండి. "ఇట్ల పక్కకి పెట్టుకో బిడ్డా" అని వాళ్లు చూపించిన జాగా మీకు నచ్చకపోయినా మొదటి నెల అక్కడే పెట్టండి. మంచి చోటు తర్వాత దొరుకుతుంది.

నన్నడిగితే తినే బండికి అంగడి మొదలు కంటే చివరే మేలు. లోపలికి వచ్చేటప్పుడు మనిషి ధ్యాసంతా టమాటా ధర మీద ఉంటుంది. కొనడం అయిపోయి, చిల్లర చేతిలో మిగిలి, పిల్లాడు కొంగు పట్టుకుని లాగేది బయటికి వెళ్లేటప్పుడే. ఆటోలు ఆగే మలుపు దగ్గర దొరికితే ఇంకా మంచిది, కానీ ఆ మలుపుని మూసేయకూడదు. అంబులెన్సో స్కూలు బస్సో ఒక్కసారి ఇరుక్కుంటే ఆ మాట కార్పొరేటర్ దాకా వెళ్తుంది.

ట్రాన్స్‌ఫార్మర్ కింద, మ్యాన్‌హోల్ పక్కన, చెత్త కుండీ దగ్గర వద్దు. బట్టల దుకాణానికి ఆనుకుని కూడా వద్దు. నూనె ఆవిరి, కారం పొగ ఆ బట్టలకి పడితే కొనేవాళ్లు వాసన చూసి పెట్టేస్తారు, మీకూ వాళ్లకీ చెడుతుంది. గాలి ఎటు వీస్తుందో చూసి, పొగ ఇళ్ల కిటికీల్లోకి పోకుండా బండి తిప్పుకోండి. ఎవరి గేటు ముందు పెడుతున్నారో ఆ ఇంటివాళ్లని ముందే అడగాలి. మొదటి వాయిలో వాళ్లింటికో పొట్లం పంపితే పోయేదేం లేదు.

కాగితాలు

వీధి వ్యాపారులకి 2014లో చేసిన కేంద్ర చట్టం ఉంది. దాని ప్రకారం ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, సర్వే చేసి వ్యాపారులకి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు కోసం మీ మునిసిపాలిటీలో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్లని కలవండి. హైదరాబాద్‌లో అయితే యూసీడీ (అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్) విభాగం. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు, ఫొటోలు, మీ బండి ఫొటో ఒకటి పట్టుకెళ్తే మళ్లీ మళ్లీ తిరిగే పని తగ్గుతుంది.

ఈ చట్టంలో రెండు విషయాలు గుర్తుంచుకోండి. సర్టిఫికెట్ ఉన్న వ్యాపారిని అక్కడి నుంచి లేపాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎప్పుడైనా సామాను పట్టుకెళ్తే, ఏమేం తీసుకెళ్లారో జాబితా రాసి మీకివ్వాలి. పాడైపోయే సరుకైతే మీరు అడిగిన రోజే, మిగతా సామాను రెండు పని దినాల్లో తిరిగివ్వాలి. రోడ్డు మీద వాదన పెంచుకోకుండా "జాబితా ఇవ్వండి సార్" అని మర్యాదగా అడగండి.

తిండి అమ్ముతున్నారు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. చిన్న బండికి పెద్ద లైసెన్సు అక్కర్లేదు. ఫోస్కోస్ అనే వెబ్‌సైట్‌లో ఫొటో, గుర్తింపు కార్డుతో దరఖాస్తు చేస్తే 14 అంకెల నంబరు వస్తుంది. సొంతంగా చేసుకోలేకపోతే మీసేవలోనో నెట్ సెంటర్లోనో అడగండి, కానీ పేరులో "లైసెన్స్" అని పెట్టుకుని వేలల్లో వసూలు చేసే ప్రైవేటు సైట్ల జోలికి పోకండి. నంబరు వచ్చాక బండి మీద కనిపించేలా అతికించండి.

జాగాకి వారం వారం కట్టే డబ్బుని కొన్నిచోట్ల తైబజారు అంటారు, ఆంధ్ర వైపు సంతల్లో ఆశీలు అంటారు. ఎవరు అడిగినా రసీదు అడగండి. రసీదు లేని వసూలు దాదాపు అన్నిచోట్లా ఉంటుందని నాకూ తెలుసు. అయినా పక్కవాళ్లు ఎంత ఇస్తున్నారో కనుక్కోండి, కొత్తవాళ్ల దగ్గర రెట్టింపు అడగడం మామూలే.

ఒక్క వంటకం చాలు

కొత్తగా పెట్టేవాళ్లు బోర్డు మీద పన్నెండు రకాలు రాయిస్తారు. నూడుల్స్, మంచూరియా, మోమోస్, బజ్జీ, చాయ్. ఇద్దరు మనుషులతో అది జరిగే పని కాదు. జనం ముందు నిలబడి ఎదురుచూస్తుంటే చేతులు వణుకుతాయి, అన్నీ సగం సగం ఉడుకుతాయి. ఒకటి, మహా అయితే రెండు పెట్టుకోండి. అవి కూడా కళ్లముందు వేసేవి. కాగే నూనెలో పిండి పడ్డ చప్పుడుకే అటుగా పోయే మనిషి తల తిప్పి చూస్తాడు. మీకు ఇంకో బోర్డు అక్కర్లేదు.

పునుగులు తీసుకుందాం. మిగిలిన దోసె పిండితో ఇంట్లో వేసుకునేవి వేరు, బండి మీదవి వేరు. బండి కోసం పిండి విడిగా గట్టిగా రుబ్బి, మధ్యాహ్నానికి పులిసేలా చూసుకోవాలి. మొత్తం పిండిలో ఒకేసారి ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపేస్తే గంటకల్లా నీళ్లూరి జారుడైపోతుంది, నూనె తాగుతుంది. పిండిని మూడు నాలుగు గిన్నెల్లో పెట్టి, ఒక గిన్నె అయిపోవచ్చాక ఇంకోదానిలో ఉల్లిపాయ కలపండి. మిగతావి మూతపెట్టి, ఐసు ముక్కలున్న థర్మోకోల్ పెట్టెలో ఉంచండి. మే నెలలో ఐసు లేకపోతే ఏడింటికే పిండి పుల్లబడిపోతుంది.

మిర్చి బజ్జీ అయితే పద్ధతి ఇంకోలా ఉంటుంది. మిర్చిని నిలువుగా చీరి, గింజ తీసి, వాము, ఉప్పు, చింతపండు ముద్ద పెట్టడం ఇంటి దగ్గరే చేసుకోవాలి. అంగట్లో కూర్చుని చీరుతానంటే కుదరదు. జనం రాకముందు ఒక వాయి సగం వేయించి పక్కన పెట్టుకుని, గిరాకీ వచ్చినప్పుడు రెండోసారి వేస్తే రెండు నిమిషాల్లో కరకరలాడుతూ చేతికొస్తుంది. ఉల్లిపాయ తరుగు, నిమ్మకాయ చెక్క మాత్రం అప్పటికప్పుడు కొయ్యండి.

చట్నీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బండి తిండితో కడుపు చెడేది ఎక్కువగా నూనెలో వేగినదాని వల్ల కాదు, పక్కన వేసే పచ్చి చట్నీ వల్ల. కొబ్బరి చట్నీ నాలుగు గంటలు బయట ఉంటే వాసన రాకముందే పాడైపోతుంది. పల్లీ చట్నీని గట్టిగా రుబ్బి తెచ్చి, కొంచెం కొంచెం కాచి చల్లార్చిన నీళ్లతో పలుచన చేసుకోండి. చింతపండు వేసిన అల్లం చట్నీ ఇంకా సేఫ్. మయోనైజ్ జోలికి అసలు పోవద్దనే అంటాను. 2024 అక్టోబరులో పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది, హైదరాబాద్‌లో జనం ఆస్పత్రుల పాలయ్యాకే. ఫ్రిజ్ లేని బండి మీద అలాంటి సరుకు పెట్టుకుని టెన్షన్ పడటం ఎందుకు?

ఇక నూనె. రోజూ నడిచే బండికి లేని చిక్కు వారపు అంగడి బండికి ఉంది. మిగిలిన నూనె మళ్లీ వారం దాకా డబ్బాలో కూర్చుంటుంది. పారబోయడానికి మనసొప్పదు, వచ్చే వారం కొత్త నూనెలో కలిపేస్తారు. అలా కలిపితే కొత్తది కూడా తొందరగా నల్లబడుతుంది, నురగ కడుతుంది, తిన్నవాళ్లకి గొంతు పట్టేస్తుంది. మొదట్లోనే పెద్ద మూకుడు కొనకుండా లోతైన చిన్న మూకుడు కొనండి. మొదలుకి తక్కువ నూనె పోసి, తగ్గేకొద్దీ కొత్తది కలుపుకుంటూ పోతే రాత్రికి అడుగున కొంచెమే మిగులుతుంది. దాన్ని వదిలేయండి. మురికి కాల్వలో మాత్రం పోయకండి, గడ్డకట్టి కాల్వ పూడుతుంది.

గ్యాస్, నీళ్లు, చేతులు

ఇంటి 14.2 కిలోల సిలిండర్ వ్యాపారానికి వాడకూడదు, దొరికితే పట్టుకెళ్తారు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ మొయ్యడం కష్టమైతే 5 కిలోల చిన్న సిలిండర్లు ఏజెన్సీల్లో దొరుకుతాయి. వారానికి ఒకట్రెండు అంగళ్లకి అవి చాలు. ఐఎస్‌ఐ గుర్తున్న పైపే వాడండి. పొయ్యికి మూడు వైపులా రేకు అడ్డం పెట్టండి, జనం వైపు తప్పకుండా. పిల్లల తల సరిగ్గా మూకుడు ఎత్తులో ఉంటుంది. నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు. గ్యాస్ కట్టేసి, మూకుడు మీద సరిపడా మూత వేసేయాలి. ఆ మూత బండి కింద కాకుండా చేతికందే చోట ఉండాలి.

డబ్బు తీసుకునే చెయ్యి తిండి ముట్టకూడదు. ఇద్దరుంటే ఒకరు పొయ్యి, ఒకరు గల్లా. ఒక్కరే అయితే క్యూఆర్ కోడ్ ముందు పెట్టి, నోట్లు ఇచ్చేవాళ్లని డబ్బాలో వాళ్లనే వేసి చిల్లర తీసుకోమనండి, జనం నవ్వుతూ ఒప్పుకుంటారు. సౌండ్ బాక్స్ తప్పక పెట్టుకోండి. హడావిడిలో పాత పేమెంట్ స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. బండి తెరిచేటప్పుడు మీ కోడ్ మీద ఇంకెవరిదైనా స్టిక్కర్ అతికించారేమో చూసుకోండి.

పొట్లాలకి న్యూస్‌పేపర్ వద్దు. వేడి నూనెకి ఆ సిరా తిండిలోకి దిగుతుంది, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా వాడొద్దని చెప్పింది. అడ్డాకు దొప్పలు బేగంబజార్‌లో కట్టలుగా దొరుకుతాయి. పలుచటి ప్లాస్టిక్ కవర్లు, ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు నిషేధంలో ఉన్నాయి, అవి దొరికితే జరిమానా.

లెక్క ముందే వేసుకోండి

ఉదాహరణకి ఒక సాయంత్రానికి సరుకు 900, గ్యాస్ 150, దొప్పలు 100, ఆటో 300, జాగా 50, లైటు 40, ఐసు, మంచినీళ్ల క్యాన్ కలిపి 60 అనుకోండి. మొత్తం 1,600. ప్లేటు 30 రూపాయలైతే 54 ప్లేట్లు అమ్మాకే మీ డబ్బు మీకు వస్తుంది, మీ కూలి ఇంకా మొదలవ్వలేదు. ఇందులో ఆటో, జాగా, లైటు కలిపి 390. జనం వచ్చినా రాకపోయినా, వాన పడినా అది పోయేదే. అందుకే దూరం అంగడి ఎంత పెద్దదైనా నడిచి తోసుకెళ్లగలిగే దూరంలో ఉన్న చిన్న అంగడి నయం. పాతవాళ్లు వారంలో నాలుగైదు కాలనీలు తిరిగేది కూడా ఇందుకే. బండి, మూకుడు, సౌండ్ బాక్స్ అవే, మిగిలిన సరుకు మర్నాటి అంగడికి పనికొస్తుంది.

మీ ధర పక్క బండి కంటే తగ్గించకండి. ఆయన కూడా తగ్గిస్తాడు, ఇద్దరూ మునుగుతారు. ఓ పునుగు కొసరు వేయండి, అది అందరికీ నచ్చుతుంది.

పెట్టుబడికి గిరిగిరి జోలికి పోకండి. పదివేలని చెప్పి ముందే వడ్డీ పట్టుకుని ఎనిమిదిన్నరవేలు చేతిలో పెడతారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. వారానికి ఒక్కరోజు బండి పెట్టేవాళ్లు రోజువారీ వాయిదా ఎక్కడి నుంచి కడతారు? వీధి వ్యాపారి కార్డు గానీ, మునిసిపాలిటీ ఇచ్చే సిఫార్సు లేఖ గానీ ఉంటే పీఎం స్వనిధి కింద బ్యాంకు అప్పు వస్తుంది. 2020లో మొదలైనప్పుడు మొదటి విడత 10,000 ఉండేది, 2025లో దాన్ని 15,000 చేశారు. సమయానికి కడితే రెండో విడత 25,000, మూడోది 50,000. వడ్డీలో 7 శాతం సబ్సిడీగా మీ ఖాతాలో పడుతుంది.

పాత సామాను అమ్మేవాళ్లకి

పాత బట్టలైతే ఉతికి, ఇస్త్రీ చేసి, గుండీలు కుట్టి తెండి. కుప్పలో "ఏది తీసుకున్నా వంద" అని పోసినవి కొన్ని, మంచివి హ్యాంగర్‌కి కొన్ని. హ్యాంగర్‌వి చూసి ఆగుతారు, కుప్పలోవి కొంటారు. మిక్సీ, ఫ్యాన్, ఇస్త్రీ పెట్టె అమ్మేవాళ్లు నడిపి చూపించడానికి కరెంటు ఏర్పాటు చూసుకోవాలి, లేకపోతే సగం ధర కూడా రాదు. బొమ్మలకి సెల్స్ వేసి ఆడిస్తూ ఉంచండి.

సెకండ్ హ్యాండ్ ఫోన్లు మాత్రం బిల్లు లేకుండా కొనకండి, అమ్మకండి. దొంగ ఫోన్ అని తేలితే తెలియక కొన్నానంటే పోలీసులు అంత తేలిగ్గా వదలరు. *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబరుని సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే బ్లాక్ అయిన ఫోనో కాదో తెలిసిపోతుంది. తూకంతో అమ్మే సరుకైతే కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి.

మొదటి సాయంత్రం

జనం వచ్చే టైముకి గంటన్నర ముందు చేరండి. సగం సరుకే తెండి. ఎనిమిదింటికే అయిపోయి, "అయిపోయిందా, అయ్యో" అని నలుగురు వెళ్లిపోతే అది నష్టం కాదు, వాళ్లే వచ్చే వారం ముందు వస్తారు. పది, ఇరవై నోట్లు దండిగా ఉంచుకోండి. బోణీ ఎవరు చేసినా బేరం ఆడకుండా ఇచ్చేయండి. చార్జింగ్ లైటు ఒకటి సొంతంది ఉండాలి. అద్దె బల్బు మధ్యలో పోతే కాగే నూనె ముందు చీకట్లో నిలబడాల్సి వస్తుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రం వానలు ఇక్కడ మామూలే. టార్పాలిన్ మధ్యలో నీళ్లు నిలవకుండా ఒక వైపు వాలుగా కట్టండి, ఆ వాలు మూకుడు వైపు ఉండకూడదు. మబ్బు పట్టినప్పుడు ఇంట్లోనే సరుకు తగ్గించుకుని బయల్దేరండి. సన్నటి తుంపర అయితే బజ్జీల బండికి అదృష్టమే, కుండపోత అయితే అంగడే ఉండదు. వినాయక చవితి నవరాత్రుల్లో మంటపాలు వేసి రోడ్డు మూస్తారు కాబట్టి ఆ వారం అంగడి ఎక్కడ కూర్చుంటుందో ముందు వారమే కనుక్కోండి.

రాత్రి బండి సర్దేటప్పుడు మీ ముందు పది అడుగుల మేర దొప్పలు, కాగితాలు ఏరి సంచిలో వేసుకెళ్లండి, మీవి కాకపోయినా. అంగడి ఎత్తేయాలని కాలనీ అసోసియేషన్ వాళ్లు పట్టుబట్టినప్పుడు మొదట చూపించేది చెత్తనే, ఆ చెత్తలో అందరికంటే ముందు కనిపించేవి తినే బండ్ల దొప్పలే. పక్క దుకాణాల వాళ్లు ఆ సాయంత్రమంతా మిమ్మల్ని గమనిస్తూనే ఉంటారు. మీరు చిల్లర కోసం పరిగెత్తినప్పుడు బండి చూసేది వాళ్లే.

ఒక్క రోజు అమ్మకం చూసి ఏదీ తేల్చుకోకండి. నోట్‌బుక్‌లో తేదీ, తెచ్చిన పిండి, మిగిలిన పిండి, వచ్చిన డబ్బు రాసుకుంటూ రెండు నెలలు చూడండి. మిగిలే పిండి తగ్గుతూ, తెలిసిన మొహాలు పెరుగుతుంటే డబ్బు తక్కువొచ్చినా అక్కడే ఉండండి. ప్రతి వారం కొత్తవాళ్లే తిని వెళ్తుంటే, తిన్నవాళ్లు మళ్లీ రాకపోతుంటే, రుచి సంగతి మొహమాటం లేకుండా చెప్పే మనిషిని ఒకరిని పట్టుకోండి. చుట్టాలు పనికిరారు, పక్కన కూరగాయలు అమ్మే అక్కని అడగండి. ఏ వారమైనా రాలేకపోతే ఆమెకే ముందు చెప్పి పెట్టండి. మీ కోసం వచ్చి అడిగినవాళ్లకి "వచ్చే వారం వస్తరు" అని చెప్తుంది, మీ జాగాలో ఇంకొకరు బండి ఆపకుండా కూడా చూస్తుంది.